తెప్పకు వైర్‌లెస్ సెట్టు ఉండాలి, ఒడ్డున వినే మనిషీ ఉండాలి

మన జిల్లా మత్స్యకారుల కష్టం హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ దాకా వెళ్లి సినిమాగా తిరిగి వచ్చింది. 2025 ఫిబ్రవరి 7న విడుదలైన ‘తండేల్’ సంగతి మన తీర గ్రామాలలో తెలియనివారు లేరు. గీతా ఆర్ట్స్ వారి ఆ చిత్రానికి చందు మొండేటి దర్శకుడు. బతుకు తెరువు కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి బోట్లలో వేటకు పోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఉదంతం దానికి ఆధారం. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలై ఇళ్లకు చేరారు. సినిమా వసూళ్లు వంద కోట్లు దాటాయని నిర్మాతలు ప్రకటించారు. మనవాళ్ల బాధ నలుగురికీ తెలిసినందుకు సంతోషించవలసిందే.

అయితే ఏ సినిమాకూ ఎక్కని కష్టం ఒకటి మన ఒడ్డునే ఉంది. తెల్లవారుజామున ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పనో, చిన్న ఫైబర్ పడవనో కెరటాల మీదుగా నెట్టుకుని వేటకు వెళతారు. వారు పోయేది పరాయి దేశపు సరిహద్దుకు కాదు, మన ఊరి ఎదుటి నీటికే. ఆ కొద్ది దూరంలోనే ఇంజను మొరాయిస్తుంది, గాలి తిరుగుతుంది, పడవ బోల్తా పడుతుంది. పొద్దెక్కేసరికి రావలసినవాడు మధ్యాహ్నమైనా రాకపోతే ఇంటి ఆడవారు ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూడడం తప్ప చేయగలిగింది లేదు. ఆపదలో ఉన్నామన్న ఒక్క మాట అటునుంచి వస్తే చాలు, పక్క పడవల వాళ్లు వెళ్లి తాడు వేసి లాక్కొస్తారు. ఆ ఒక్క మాట వచ్చే దారే లేకుండా ఉంది.

ఆ మాటను మోసుకురాగల సాధనం చేతిలో పట్టే సముద్రపు వైర్‌లెస్ సెట్టు. దీనినే మెరైన్ వీహెచ్ఎఫ్ అంటారు. ఇది పెద్ద బోట్ల యజమానులకు తప్ప మనకెందుకు అని కొందరు, ఏదో ఒక వాకీటాకీ కొంటే సరిపోదా అని కొందరు అనుకుంటారు. రెండూ పొరపాటు అభిప్రాయాలే. ఏ సెట్టు కొనాలి, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు అన్నది తెలుసుకుని కొంటే తక్కువ ఖర్చుతో ప్రాణాలు నిలబెట్టుకోవచ్చు. సెట్టు కొన్నంత మాత్రాన సరిపోదన్నది కూడా గట్టిగా చెప్పవలసి ఉంది.

తెప్పకు చేతి సెట్టే గతి

విదేశాలలో కయాక్ అనే సన్నని తెడ్డు పడవ మీద ఒంటరిగా సముద్రంలోకి వెళ్లి గాలం వేసేవారున్నారు. మన విశాఖ రుషికొండ దగ్గర యాత్రికులు సరదాగా ఎక్కి తిరిగేది కూడా ఆ జాతి పడవే. కయాక్ మీద కూర్చున్నవాడూ, తెప్ప మీద కూర్చున్నవాడూ ఇద్దరూ నీటికి జానెడు ఎత్తులోనే ఉంటారు. గది లేదు, కప్పు లేదు, పెద్ద బ్యాటరీ పెట్టే చోటు లేదు, ఏరియల్ నిలిపే స్తంభం లేదు. మరబోట్లలో బిగించే 25 వాట్ల సెట్టు వీటికి కుదరదు. ఒంటికి కట్టుకునే 5 వాట్ల చేతి సెట్టు ఒక్కటే దారి. కయాక్ వేటగాళ్లు సరదా కోసం వెళుతూ కూడా లైఫ్ జాకెట్‌కు ఈ సెట్టు తగిలించుకుంటారు. పొట్టకూటి కోసం రోజూ వెళ్లే మనవాడికి అది ఇంకెంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

సెల్‌ఫోను ఉంది కదా అంటారు. ఒడ్డు విడిచి కొంత దూరం పోయాక ఫోనుకు సిగ్నల్ ఉండదు. సిగ్నల్ ఉన్నా ఫోనులో మాట ఒక్కరికే వినబడుతుంది, అదీ వారి నంబరు తెలిస్తేనే. వైర్‌లెస్‌లో బటను నొక్కి మాట్లాడితే ఆ చుట్టుపక్కల సెట్టు పెట్టుకున్న ప్రతి పడవకూ ఒకేసారి వినబడుతుంది. దగ్గరలో పోతున్న ఓడకూ వినబడుతుంది. ఎవరి నంబరూ తెలియనక్కరలేదు. ఆపదలో ఉన్నవాడికి కావలసింది అదే.

అలాగని ఫోనును ఒడ్డున వదిలి వెళ్లమని కాదు. సిగ్నల్ ఉన్నంతవరకు తీర రక్షక దళానికి 1554, మెరైన్ పోలీసులకు 1093 నంబరు ఉచితంగా పనిచేస్తాయి. ఫోనులోని జీపీఎస్ సిగ్నల్ లేకపోయినా పడవ ఎక్కడుందో చూపుతుంది. నీరు చొరని సంచిలో ఫోను మెడకు వేసుకోవాలి, వైర్‌లెస్ సెట్టు ఒంటికి కట్టుకోవాలి. ఒకటి రెండోదానికి తోడు.

షూటింగు సెట్లు సముద్రానికి పనికిరావు

సినిమా షూటింగు జరిగే చోట యూనిట్ వారి చేతుల్లో వాకీటాకీలు కనిపిస్తాయి. ఫిలింనగర్ నుంచి వచ్చే ప్రతి యూనిట్‌కూ అవి ఉంటాయి. అక్కడ కెమెరా దగ్గరున్న మనిషి రోడ్డు చివరనున్న మనిషిని జనాన్ని ఆపమని చెప్పడానికి అవి చక్కగా సరిపోతాయి. వాటిని చూసి, రెండు మూడు వేలకే ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయని మన యువకులు తెప్పకు కొనే ప్రమాదం ఉంది. అలా కొనవద్దు.

కారణాలు మూడు. మొదటిది, లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ప్రభుత్వం అనుమతించిన చిన్న వాకీటాకీలు 446 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. సముద్రంలో ఆపద పిలుపు వినే 16వ ఛానల్ 156.8 మెగాహెర్ట్జ్. పక్కపక్కనే నిలబడి పిలిచినా ఒకదాని మాట మరొకదానికి వినబడదు. తీర రక్షక దళం వినేది, ఓడలు వినేది 16వ ఛానల్‌నే. రెండవది, చవక సెట్లలో చాలావాటికి ఉప్పునీటి తుంపర తగిలితే చాలు, చెడిపోతాయి. నీటిలో పడితే రాయిలా మునుగుతాయి. మూడవది, ఏ ఛానల్‌కైనా తిప్పుకోవచ్చునని చెప్పి అమ్మే కొన్ని సెట్లు చట్టవిరుద్ధం. లైసెన్సు సంగతి, ఛానల్ సంగతి చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మే నెలలో ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు నోటీసులు కూడా ఇచ్చింది. చవకగా వచ్చిందని కొని, అవసరమైన రోజున పలకని సెట్టు ఉన్నా లేనట్టే.

కొనేటప్పుడు చూడవలసినవి

సముద్రం కోసం తయారయిన చేతి సెట్లను జపాన్‌కు చెందిన ఐకామ్, స్టాండర్డ్ హొరైజన్, అమెరికాకు చెందిన కోబ్రా వంటి కంపెనీలు చేస్తున్నాయి. మామూలు రకం అమెరికాలో 100 నుంచి 150 డాలర్ల మధ్య ఉంటుంది. మన డబ్బులో పది వేల రూపాయలకు అటూ ఇటూ. దిగుమతి ఖర్చులు, సుంకాలు కలిస్తే ఇక్కడ ఇంకా పెరుగుతుంది. ఈ పత్రిక ఏ కంపెనీనీ సిఫారసు చేయడం లేదు. కంపెనీ ఏదైనా ఈ కింది సంగతులు చూసుకుని కొనాలి.

నీటికి ఆగుతుందా అన్నది మొదటి ప్రశ్న. పెట్టె మీద ఐపీఎక్స్ 7 అని గాని, ఐపీ 67 అని గాని ఉండాలి. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని దాని అర్థం. ఐపీఎక్స్ 4 అంటే తుంపరలకు మాత్రమే ఆగుతుంది. అది తెప్పకు చాలదు.

నీటిలో తేలుతుందా అన్నది రెండవది. తెప్ప తిరగబడినప్పుడు చేతిలోనిది జారుతుంది. తేలే సెట్టయితే దొరుకుతుంది, మునిగే సెట్టయితే పది వేలూ గంగపాలు. కొన్ని సెట్లు నీటిలో పడగానే వాటంతట అవే దీపం వెలిగిస్తాయి. రాత్రి వేటకు వెళ్లేవారికి అది ఎంతో మేలు. తేలే సెట్టయినా తాడుతో ఒంటికి కట్టుకోవాలే తప్ప తెప్పకు కట్టకూడదు. బోల్తా పడ్డాక మనిషొక వైపు, తెప్పొక వైపు పోతాయి. సెట్టు మనిషితో ఉండాలి.

మూడవది బ్యాటరీ. మాట్లాడేటప్పుడే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, వినేటప్పుడు తక్కువ. చాలా సెట్లకు 1 వాట్, 5 వాట్లు అని మెట్లు ఉంటాయి. పక్క పడవతో మాట్లాడడానికి 1 వాట్ చాలు. 5 వాట్లు ఆపదకు దాచుకోవాలి. ఛార్జింగు అయిపోతే మామూలు పెన్ను సెల్లులు వేసుకునే డబ్బా కొన్ని సెట్లకు దొరుకుతుంది. కరెంటు కోతలున్న మన పల్లెలకు అటువంటి సెట్టే మంచిది. సెల్లులు ఏ కిళ్లీ కొట్టులోనైనా దొరుకుతాయి.

నాలుగవది, బటన్లు తడి చేతితో, చలికి వంకర్లు పోయిన వేళ్లతో నొక్కడానికి వీలుగా ఉన్నాయా అన్నది. ఒక్కసారి నొక్కితే 16వ ఛానల్‌కు పోయే ప్రత్యేకమైన బటను ఉండాలి. కొట్టులో కూర్చుని నొక్కి చూడడం కాదు, చేతులు తడుపుకుని నొక్కి చూడాలి. తెప్ప మీద ఉండేది తడి చెయ్యే.

ఐదవది, ఛానళ్లు అమెరికా పద్ధతి, అంతర్జాతీయ పద్ధతి అని రెండు రకాలు. మన సముద్రంలో అంతర్జాతీయ పద్ధతి వాడాలి. సెట్టు అమెరికా పద్ధతిలో పెట్టి ఉంటే మార్పించుకోవాలి. 16వ ఛానల్ రెండింటిలో ఒకటే అయినా మిగతా కొన్ని ఛానళ్లలో తేడా వచ్చి ఒకరి మాట ఒకరికి అందదు.

కొన్న రోజున సెట్టును బకెట్టు మంచినీటిలో వేసి తేలుతుందో లేదో, బయటకు తీశాక పలుకుతుందో లేదో చూసుకోవాలి. అమ్మినవాడి బిల్లు, గ్యారంటీ కాగితం దాచుకోవాలి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. ఛార్జింగు రంధ్రానికి ఉన్న రబ్బరు మూత పగిలిందేమో నెలకొకసారి చూడాలి. ఉప్పు లోపలికి పోయేది అక్కడి నుంచే.

డబ్బు పెట్టనక్కరలేనివి

వాతావరణ ఛానళ్లు ఉన్నాయని కొన్ని సెట్లు ఎక్కువ ధరకు అమ్ముతారు. అవి అమెరికా, కెనడా ప్రభుత్వాల ప్రసారాలు. మన ఒడ్డున వాటిలో ఏమీ వినబడదు. మనకు అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం ఇచ్చేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ. 1999లో ఏర్పడిన ఆ కేంద్రం సినిమావాళ్ల జూబ్లీహిల్స్ ఉన్న ఊళ్లోనే ఉంది. సముద్రం లేని ఊరి నుంచే మన సముద్రపు కబురు వస్తోంది. ఆ కబురు ఒడ్డున ఉండగానే తెలుసుకుని బయలుదేరాలి.

ఎర్ర బటను నొక్కితే మనం ఉన్న చోటుతో సహా ఆపద కబురు దానంతట అదే పోయే సెట్లు కూడా ఉన్నాయి. వీటిని డీఎస్‌సీ సెట్లు అంటారు. మంచివే గాని ధర ఎక్కువ. పైగా తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ప్రభుత్వం నుంచి తీసుకుని సెట్టులో వేయిస్తేనే ఆ బటను పనిచేస్తుంది. సంఖ్య తీసుకోకుండా బటను కోసం డబ్బు పెట్టడం దండగ. మొదటిసారి కొనేవారికి మామూలు తేలే సెట్టు చాలు.

ఎంత దూరం వినబడుతుంది

ఇక్కడే అమ్మేవారి మాటలు నమ్మకూడదు. పెట్టె మీద ఎన్ని మైళ్లని రాసినా, ఈ సెట్టు మాట కంటి చూపు లాగ నేరుగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి సముద్రం కూడా వంపు తిరిగి ఉంటుంది. తెప్ప మీద మీటరు ఎత్తున పట్టుకున్న సెట్టు నుంచి సుమారు 4 కి.మీ. దూరంలో నీటి వంపు అడ్డం వస్తుంది. అంటే రెండు తెప్పల మధ్య లెక్క ప్రకారం 8 కి.మీ. కెరటాలు లేచినప్పుడు అంతకంటె తక్కువే. వాట్లు పెంచినా ఆ వంపు దాటదు. దాటాలంటే వినే ఏరియల్ ఎత్తున ఉండాలి. ఒడ్డున 16 మీటర్ల ఎత్తు మీద ఏరియల్ పెడితే అదే తెప్ప మాట సుమారు 20 కి.మీ. నుంచి అందే వీలుంది.

విశాఖలోని తీర రక్షక దళానికి కళింగపట్నం నుంచి దూరం వంద కి.మీ. పైనే. మన చేతి సెట్టు మాట అక్కడికి నేరుగా చేరుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అంత దూరం పోవాలంటే ఉపగ్రహం ద్వారా పనిచేసే పరికరం కావాలి. లక్ష పడవలకు అటువంటి ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించే 364 కోట్ల రూపాయల పథకాన్ని ప్రధాని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఇస్రో తయారు చేసిన ఈ పరికరంతో ఒడ్డుకూ పడవకూ మధ్య చిన్న చిన్న సందేశాలు పంపుకోవచ్చు. ఇంజను పడవ ఉన్నవారు మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి ముందు దానిని అడగాలి. అయితే ఆ పథకం ఇంజను ఉన్న పడవలకు ఉద్దేశించినది. తెడ్డు మీద పోయే తెప్పవాడికి చేతి సెట్టే దిక్కు.

లైసెన్సు చిక్కు

ఈ సెట్టు వాడడానికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు కావాలి. దరఖాస్తు ‘సరళ్ సంచార్’ అనే పోర్టల్‌లో పెట్టుకోవాలి. నాలుగో తరగతితో బడి మానేసి తెప్ప ఎక్కినవాడు కంప్యూటరు ముందు కూర్చుని ఆ దరఖాస్తు నింపగలడా? ఓడల కంపెనీకీ, తెప్పవాడికీ ఒకే దారి చూపి వదిలేస్తే చట్టాన్ని గౌరవించేవాడు సెట్టు లేకుండా మునుగుతాడు, గౌరవించనివాడు దొంగ సెట్టు కొంటాడు. మత్స్యశాఖ వారే ప్రతి తీర గ్రామంలో ఒక రోజు కూర్చుని, మత్స్యకార సహకార సంఘం పేరున దరఖాస్తులన్నీ నింపించి పంపాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలం దీనికి మంచి అదను. ఆ రెండు నెలలూ మనవాళ్లు ఊళ్లోనే ఉంటారు.

ఒడ్డున చెవి

అసలు సంగతి ఇది. తెప్పలో సెట్టు ఉండి ఒడ్డున వినేవాడు లేకపోతే ఆ కేక గాలికి పోతుంది. 193 కి.మీ. తీరం ఉన్న జిల్లా మనది. ప్రతి తీర గ్రామంలో ఎత్తయిన చోట, తుపాను షెల్టరు మీదనో, మంచినీటి ట్యాంకు మీదనో ఒక ఏరియల్ నిలిపి, కింద ఒక సెట్టు పెట్టి, వేటకు పడవలు వెళ్లినంతసేపు ఒక మనిషిని కూర్చోబెట్టాలి. కూర్చునే మనిషి మన ఊరివాడే అయి ఉండాలి. సముద్రానికి వెళ్లలేని వయసు వచ్చిన పెద్దవారున్నారు, చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలున్నారు. వారికి నెలకు కొంత జీతమిస్తే సరిపోతుంది. కేక వినగానే కళింగపట్నం మెరైన్ పోలీసులకో, 1554కో ఫోను చేసి, పక్క పడవలను పురమాయించడమే వారి పని.

కేక వేయడం కూడా నేర్చుకోవాలి. 16వ ఛానల్ మీద ‘మేడే’ అని మూడుసార్లు అనాలి. ప్రపంచంలో ఏ ఓడవాడికైనా ఆ మాట అర్థమవుతుంది. తరువాత పడవ పేరు, ఎక్కడున్నదీ, ఏమయిందీ, ఎంతమంది ఉన్నారన్నదీ చెప్పి బటను వదలాలి. బటను వదలకపోతే జవాబు వినబడదు. ‘‘మేడే, మేడే, మేడే. బుడగట్లపాలెం తెప్ప. ఊరికి తూర్పున నాలుగు కిలోమీటర్లు. తెప్ప తిరగబడింది. ఇద్దరం నీళ్లలో ఉన్నాం, బాబూ. ఓవర్’’ అంటే చాలు. దూరం, మనుషుల లెక్క ఇంగ్లీషు అంకెల్లో కూడా చెప్పడం నేర్చుకుంటే ఓడలవారికి అర్థమవుతుంది. ఆ ఛానల్ మీద ఊసుపోక కబుర్లు చెప్పుకోవడం తప్పు. కబుర్లకు 72, 77 వంటి ఛానళ్లు వేరే ఉన్నాయి. మనం కబుర్లు చెప్పుకునే వేళ పక్కవాడి కేక వినబడకుండా పోవచ్చు.

ఇక డబ్బు సంగతి. 2025 ఏప్రిల్ 26న మన బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వేట నిషేధ కాలపు భృతిని కుటుంబానికి రూ.20 వేలు చేసి ఇచ్చారు. ఆ డబ్బులో సెట్టు కొనుక్కోమని చెప్పడం అన్యాయం. అది రెండు నెలల గంజి. వలలకు, ఇంజన్లకు సబ్సిడీ ఇస్తున్నట్టే సెట్లకూ ఇవ్వాలి. అందాకా నాలుగు కుటుంబాలు కలిసి ఒక సెట్టు కొనుక్కుని, నాలుగు తెప్పలూ ఒకే వైపు వేటకు పోతే, ఒక్క సెట్టు నలుగురిని కాపాడుతుంది. ఒంటరిగా పోయేవాడికే ఎక్కువ ప్రమాదం.

ఫిలింనగర్ పెద్దలకు కూడా ఒక మాట. తెలుగు ఫిలిం చాంబర్ అక్కడే ఉంది, పేరున్న స్టూడియోలూ అక్కడే ఉన్నాయి. తుపాను వచ్చినప్పుడల్లా సినిమావాళ్లు విరాళాలు ఇస్తూనే ఉన్నారు, కాదనడం లేదు. కాని చనిపోయాక ఇచ్చే లక్ష కంటె చనిపోకుండా ఆపే పది వేలు మేలు. సముద్రం మీద కథ తీసిన ప్రతి నిర్మాత, షూటింగు జరిగిన ఒక్క ఊరికి ఒక ఏరియల్, ఒక ఒడ్డు సెట్టు, పది తేలే సెట్లు ఇప్పిస్తే వారి ఖర్చులో అది లెక్కలోకే రాదు. మన ఎమ్మెల్యేలు, సర్పంచులు ఈ సంగతి వారి చెవిన వేయాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటయిపోయింది. వచ్చే నిషేధ కాలం ముగిసి జూన్ 15న తెప్పలు నీటిలోకి దిగేసరికి, తీరంలో కనీసం పది గ్రామాలలోనైనా ఒడ్డున సెట్టు పెట్టించాలని జిల్లా కలెక్టరు గారిని, మత్స్యశాఖ అధికారులను కోరుతున్నాము. మత్స్యకార సంఘాల పెద్దలు ఈ ఆదివారమే కూర్చుని, తమ ఊళ్లో ఎన్ని తెప్పలున్నాయి, ఎన్ని సెట్లు కావాలి, ఒడ్డున ఎవరిని కూర్చోబెట్టాలి అన్న మూడు లెక్కలు కాగితం మీద రాసి ఇస్తే, అడగడానికి అధికారులకూ, ఇవ్వడానికి దాతలకూ దారి ఏర్పడుతుంది.